వంతపాటగాడి ఐదో క్యాసెట్

మా ఆటపాటల బృందం ఇప్పటికి ఐదు క్యాసెట్లు తెచ్చింది. అందులో నిజంగా క్యాసెట్ అన్నది మొదటిదొక్కటే. రెండోది, మూడోది సీడీలు. నాలుగోది ఫోన్లో చూసుకునే వీడియోలు. ఐదోది చిటికెన వేలంత పెన్ డ్రైవ్. అయినా మా నోట్లో అన్నీ క్యాసెట్లే. మా డప్పు మామ ఐదోదాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రెండో దిక్కు ఏం పాటలున్నయి?" అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మాలో ఇంకొకరికి కూడా అదే అనుమానం ఉంది. ఆ ఇంకొకరు నేనే.

బృందంలో నా పని వంత. ముందు నిలబడ్డవాడు ఒక మాట ఎత్తుకుంటే, వెనక నిలబడి దానికి జవాబు పాడటం. ఇరవై ఏళ్లకు పైగా అదే చేశాను. ఈ పనికి మన భాషలో ఎంత గౌరవం ఉందో మీకు తెలుసు. ఎవడైనా పెద్దవాళ్ల వెంట తిరుగుతూ వాళ్లన్న ప్రతిదానికీ తలూపితే "వాడు వంత పాడుతున్నాడు" అంటారు. నేను నిజంగానే వంత పాడేవాణ్ని కాబట్టి నన్ను తిట్టడానికి ఎవరూ కొత్త మాట వెతుక్కోవలసిన అవసరం రాలేదు. దేవరకొండలో నాకు దర్జీ దుకాణం ఉంది. జాకెట్టు ఆలస్యమైతే ఆడవాళ్లు నా ముందే, "ఆయిన పాట పాడనీకె పోయిండు గావచ్చు, గదీ వెనకపాట" అనుకునేవారు.

ముందు పాడే మనిషిని అందరం అన్న అనేవాళ్లం. దేవరకొండ పక్క పల్లెలో ఆయనది మెట్ట సేద్యం. వాన పడితే కందులు, పడకపోతే పాటలు. మైకు లేకుండా అన్న గొంతెత్తితే సంతలో బేరాలు ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. కూరగాయలమ్మే ఆమె తక్కెడ గాలిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయేది. అటువంటి గొంతు నేను మళ్లీ వినలేదు. మీరైతే అసలే వినలేదు. ఎందుకంటే మా ఐదు క్యాసెట్లలో ఏ ఒక్కదాంట్లోనూ అది తిన్నగా లేదు.

మొదటిది రాష్ట్రం రాకముందు ఆలేరులో, రైలు పట్టాల పక్కన ఒక కిరాయి గదిలో రికార్డు చేశాం. ప్రతి పాటలో ఎక్కడో ఒకచోట అన్న గొంతు మీదుగా రైలు పోతుంది. ఆపి మళ్లీ పాడాలన్న తెలివి మాకు లేదు. విన్నవాళ్లు అది మేం కావాలని పెట్టుకున్న వాయిద్యం అనుకున్నారు. కొల్లాపూర్ నుంచి ఒకాయన మనిషితో కబురు కూడా పంపాడు, ఆ రైలు కొట్టినతను మంచిగ కొట్టిండని.

మాకు పేరు తెచ్చిన పాట అందులోనే ఉంది. అది చాలా చిన్న పాట. అన్న ఒక్కో వాగ్దానం ఎత్తుకుంటాడు, అది ఎటు పోయిందని నేను అడుగుతాను. "నీళ్లు తెస్తమంటిరి" అని అన్న అంటాడు. "ఏడవాయె?" అని నేను. "కొలువులిస్తమంటిరి." "ఏడవాయె?" "వలసలాపుతమంటిరి." "ఏడవాయె?" ఇట్లా ఊరిని బట్టి, ఆ ఊరి నాయకుణ్ని బట్టి ఎంత దూరమైనా పోతుంది. నల్లగొండ నుంచి పాలమూరు దాకా ఏ ఊళ్లో గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డా జనం ముందు ఆ పాటే అడిగేవాళ్లు. మా బృందానికి మంచి పేరొకటి ఉండేది, దాన్ని ఎవరూ వాడలేదు. అందరికీ మేం ఏడవాయెటోళ్లం. రెండో చరణం నుంచి జనమే వంత అందుకునేవాళ్లు, నాతో పని ఉండేది కాదు. అయినా పట్టుదలకొద్దీ జనం కంటే గట్టిగా అరిచేవాణ్ని.

రెండోది ఉద్యమం రోజుల్లోది. అప్పుడు డప్పు మామను మైకు ముందు, అన్నను తలుపు దగ్గర నిలబెట్టారు. డప్పు అదిరిపోయింది, అన్న మాత్రం బావిలోంచి పాడినట్టు వినిపిస్తాడు. రాష్ట్రం వచ్చాక మూడోది చేశాం. అన్నీ సంతోషం పాటలే. సంతోషం కదా, ఎవరినీ వెనక ఉండమనలేక అందరం ఒక్కసారే పాడాం, ఊళ్లోవాళ్లు కూడా వచ్చి పాడారు. దాన్ని ఎవరూ రెండోసారి వినలేదు. సంతోషంగా పాడటం మా చేత కాదని మాకు అప్పుడే తెలియాలి, కానీ ఆ సంతోషంలో తెలియలేదు.

నాలుగోది మహబూబ్‌నగర్‌లో ఒక కీబోర్డు తమ్ముడితో కలిసి చేశాం. ఆయన మా పాట కింద దడదడమని ఏదో పెట్టాడు, అది డీజే పెట్టెల్లోకి ఎక్కింది. పెళ్లి బరాతుల్లో పెళ్లికొడుకు దోస్తులు ఏడవాయెకు చిందులేశారు. నల్లగొండ దగ్గర ఒక పెళ్లిలో ఆడపిల్ల తండ్రి డీజే బండి ఆపి గొడవపెట్టుకున్నాడని విన్నాం. "ఊరేగింపుల ఏడవాయె ఏడవాయె అని ఒర్రుతున్రు, మా పిల్ల యాడికో పోయిందనుకోరా సుట్టాలు?" అన్నాడట. నీళ్ల కోసం కట్టిన పాటకు ఇన్నేళ్లకు ఒక్కడు నిజంగా కోపం తెచ్చుకున్నాడు, అదీ పెళ్లికూతురి గురించి.

ఈ నాలుగూ అయ్యాక పట్నంలో పెద్ద చదువు చదివే పిల్లవాడొకడు మా మీద వ్యాసం రాస్తానని వచ్చాడు. బక్కగా, గడ్డంతో, మా గొంగళ్ల కంటే పాత చొక్కాతో ఉన్నాడు. మా పాటలన్నీ విని, "మీరు అసలైన పంక్ బ్యాండ్ సార్" అన్నాడు.

అన్న నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "పంకా బ్యాండ్ అంటుండేంది తమ్మీ? మనం గాలి ఇసురుతున్నమా?"

అది పంకా కాదని, ఎక్కడో తెల్లవాళ్ల దేశంలో కోపం తప్ప సంగీతం ఏమీ రాని పిల్లలు పెట్టుకున్న బ్యాండ్లని, గిటారు మీద మూడు పట్లు వస్తే చాలని ఆ పిల్లవాడు వివరించాడు. "మాకు గా మూడు గూడ రావు బిడ్డా" అన్నాడు డప్పు మామ గర్వంగా. అటువంటి బృందాలకు వయసు మీద పడ్డాక ఒక చిక్కు వస్తుందని కూడా ఆ పిల్లవాడు చెప్పాడు. కోపం తగ్గుతుంది, బొజ్జ పెరుగుతుంది, అయినా ఆల్బమ్ తేవాలి, అప్పుడు తెచ్చే ఆల్బమ్‌లో వాళ్ల అసలు రంగు బయటపడుతుందట. "మీ తర్వాతి ఆల్బమ్ కోసం చూస్తున్నా సార్" అని చెప్పి వెళ్లాడు. మేం ముగ్గురం అప్రయత్నంగా పొట్టలు లోపలికి పీల్చుకున్నాం.

ఆ తర్వాత రెండు నెలలకే అన్న గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం, మిరియాల కషాయం తాగించాం. తగ్గకపోతే పట్నం దవాఖానకు తీసుకుపోయాం. లోపల గడ్డ ఉందని, కోత పెట్టాలని డాక్టర్ చెప్పాడు. కోత తర్వాత మాట వస్తుంది కానీ మెల్లగా, పీలగా వస్తుంది, పాట మాత్రం ఇక ఆశపెట్టుకోవద్దన్నాడు. అప్పటిదాకా గొంతు వాడకుండా ఉంటే మంచిదని కూడా చెప్పాడు. అన్న అంతా విని, నెల రోజులు ఆగి వస్తానన్నాడు.

బయట వేపచెట్టు కింద కూర్చున్నాక నేను తిట్టాను. నెల దేనికని అడిగాను.

"నాలుగు క్యాసెట్లు చేసినం గద తమ్మీ" అన్నాడు అన్న. "ఒక్కదాంట్లనన్న నా గొంతు సక్కగ ఉన్నదా? ఒకదాంట్ల రైలు, ఒకదాంట్ల మామ. పోయేముందు ఒక్క పాటన్న మంచి జాగల, మంచి మైకుల పాడి పెట్టుకోవాలె. అటెన్క కోసుకోనీ, ఏమన్న చేసుకోనీ."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇది ముందే చెప్పి పెట్టడం మంచిది, ఎందుకంటే తర్వాత నేను చేసిన పని చూస్తే మీరు నమ్మరు.

మంచి జాగా, మంచి మైకు మాకు ఎవరిస్తారు? మా వైపు ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏ పార్టీ అన్నది అడక్కండి, మీరు అడిగేలోపు మారవచ్చు. మా ఏడవాయె పాటలో ఒకప్పుడు ఆయన మీద రెండు చరణాలుండేవి. ఆయన మనిషి అన్న ఇంటికి వచ్చి, పట్నంలో పెద్ద స్టూడియోలో పాటలు రికార్డు చేయిస్తామన్నాడు. సారు చేసిన పనుల మీద ఆరు పాటలు కావాలి, అందులో ముఖ్యమైన పాట జనానికి తెలిసిన బాణీలో ఉండాలి. అంటే మా బాణీలో. అన్న ఒక పూట ఆలోచించి ఒప్పుకున్నాడు.

కొత్త పాట విన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నా దుకాణంలోనే, కుట్టు మిషన్ పక్కన కూర్చుని అన్న మెల్లగా వినిపించాడు. "నీళ్లు తెస్తమంటిరి." అక్కడ ఆగి నా వంతు కూడా తనే అన్నాడు, "ఇంటికొచ్చె!" తర్వాత, "కొలువులిస్తమంటిరి. ఇంటికొచ్చె!"

"కొలువు ఇంటికొచ్చుడేంది?" అన్నాను.

"ఎందుకు రాదు?" అన్నాడు పక్కనే డప్పుకు తాడు బిగిస్తున్న మామ. "మా పిలగాడు రాలేదా? పట్నంల కొలువు దొర్కక సక్కగ ఇంటికే వచ్చిండు."

అన్న నవ్వలేదు. "నా మాట ఒక్కటి గూడ మార్చలే తమ్మీ. గదే నీళ్లు, గదే కొలువులు. మారింది నీ మాటొక్కటే. నీదేముంది, వంతనే గద."

లెక్క ప్రకారం ఆయన చెప్పింది నిజమే. ముందు నిలబడ్డవాడు ఇన్నేళ్లు ఎత్తుకున్న వాగ్దానమే ఎత్తుకుంటున్నాడు. అబద్ధం మొత్తం వెనకవాడి నోట్లో పెట్టారు. ఇంకో నిజం కూడా చెప్పాలి. నీళ్లు మా ఇంటికి నిజంగానే వచ్చాయి. రోజు విడిచి రోజు మా వాకిట్లో నల్లా పోస్తుంది, మా ఆవిడ రెండు డ్రమ్ములు నింపుకుంటుంది. కాబట్టి ఆ మాటకైనా నాకు అభ్యంతరం ఉండకూడదు. కానీ నన్ను పొడిచింది నీళ్లూ కాదు, కొలువులూ కాదు. "నీదేముంది" అన్న మాట. ఆ మాటకు కోపమొచ్చి ఆ సాయంత్రం ఒక రవికెకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను.

స్టూడియో పట్నంలో నాలుగంతస్తుల భవనంలో ఉంది. మేం పొద్దున తొమ్మిదింటికల్లా చేరాం. లోపల ఏసీ. పావుగంటలో డప్పు తోలు చల్లబడి మెత్తబడింది, కొడితే తడిగోడ మీద కొట్టినట్టు చప్పుడు. డప్పును మంట దగ్గర కాచి బిగువు తేవాలి, మా పని విధానం అది. మామ ఎవరికీ చెప్పకుండా కిందికి దిగి, కార్లు పెట్టే చోట నాలుగు అట్టపెట్టెలు పేర్చి మంట వేశాడు. వాచ్‌మన్ ఇసుక బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. "కాక మీదుండగనే కొట్టాలె, జరుగుండ్రి" అని మామ కాగిన డప్పు ఎత్తుకుని లిఫ్టులో పైకొచ్చాడు. ఇది ఆ పూటలో నాలుగుసార్లు జరిగింది. చివరికి వాచ్‌మనే పెట్టెలు తెచ్చి ఇచ్చాడు.

రికార్డు చేసే పిల్లవాడు మంచివాడే, చెవులకు పెద్ద డిప్పలు పెట్టుకుని ఉన్నాడు. ముందు అన్న ఒక్కడే పాడాలని, తర్వాత నేను, ఆ తర్వాత డప్పు, విడివిడిగా రికార్డు చేసి కలుపుతానని చెప్పాడు. అన్న ఒక్కడే గాజు గదిలోకి వెళ్లి, "నీళ్లు తెస్తమంటిరి" అని పాడి ఆగాడు. ఆగి అట్లాగే నిలబడ్డాడు. పిల్లవాడు చెయ్యి ఊపాడు, తర్వాతి లైను అన్నట్టు. అన్న కదల్లేదు.

"వంత లేకపోతే నాకు ఊపిరి రాదు బిడ్డా" అన్నాడు.

అది గొప్ప కోసం అన్న మాట కాదు. వంత వచ్చేటప్పుడే ముందువాడు ఊపిరి పీల్చుకుంటాడు, వంత ఎత్తు విని తర్వాతి మాట ఎత్తు పట్టుకుంటాడు. ఇన్నేళ్లు అన్న నా గొంతు మీద కాలు పెట్టి పైకెక్కాడు, ఖాళీలోకి కాలు పెట్టడం ఆయనకు చేతకాదు. పిల్లవాడు చెవుల్లో టకటకమని తాళం పెట్టి చూశాడు. దాన్ని విని మామ, "గా టకటక ఎవలు కొడుతున్రు? నాది తప్పంటున్నడా?" అని పోట్లాటకు దిగాడు. చివరికి ముగ్గురినీ ఒకే గదిలో నిలబెట్టారు. ఒక్కడు తప్పినా అందరూ మొదటి నుంచి పాడాలి, చూసుకోండి అని పిల్లవాడు హెచ్చరించాడు.

అన్న ఎత్తుకున్నాడు. నేను ఒట్టేసి చెబుతున్నాను, ఆ మైకు ముందు అది పాత గొంతే. బొంగురు ఎక్కడికి పోయిందో తెలియదు. రైలు లేదు, డప్పు మీద పడటం లేదు. సంతలో తక్కెడ ఆపిన గొంతు. "నీళ్లు తెస్తమంటిరి."

"ఏడవాయె?" అన్నాను నేను.

అందరూ నవ్వారు. అలవాటు కదా. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ ఏడవాయె. మూడోసారి కూడా అంతే. ఇన్నేళ్లు నోట్లో అరిగిన మాట, దానంతట అదే వస్తుంది. అప్పటికి ఇంకా నవ్వుతున్నారు. "అంకుల్, ఇంటికొచ్చె, ఇంటికొచ్చె" అని పిల్లవాడు గాజు అవతలి నుంచి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. అన్న నా భుజం తట్టి, "ఏం కాదు తమ్మీ, వంతనే గద, సల్లగ అను" అన్నాడు.

ఆ తర్వాత నేను పందొమ్మిది సార్లు తప్పాను.

ఒక్కోసారి ఒక్కో తీరున తప్పాను. మొదటి లైను సరిగ్గా పాడి రెండోదాంట్లో తప్పాను. ఇంటి అని మొదలుపెట్టి వాయె అని ముగించాను. ప్రతిసారీ చెంపలు వేసుకున్నాను, నీళ్లు తాగాను, నాలుక కరుచుకున్నట్టు నటించాను. ప్రతిసారీ అన్న మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. పదో సారి దాకా గొంతు అట్లాగే ఉంది. పదిహేనో సారికి అంచుల్లో గీరుకుపోయింది. చివరికి దగ్గు వచ్చి ఆగింది. దగ్గు తగ్గాక గొంతులోంచి గాలి వచ్చింది, పాట రాలేదు.

పిల్లవాడు ఇంక లాభం లేదని నన్నొక్కణ్నే నిలబెట్టి, ఒకే ఒకసారి "ఇంటికొచ్చె" అనిపించాడు. ఆ ఒక్క ముక్కనే కోసి పాట నిండా అతికించాడు. దర్జీని కాబట్టి నాకు ఆ పని అర్థమైంది. మిగిలిన లైన్లు, మిగిలిన పాటలు అన్న ఆ అతుకుల వంత చెవుల్లో పెట్టుకుని గాలిగొంతుతోనే అన్నాడు, దాన్నే మిషన్‌లో పెట్టి సాఫు చేస్తానన్నాడు పిల్లవాడు. చేశాడు కూడా. వారం తర్వాత విన్నాం. ముడతలన్నీ పోయి, ఇస్త్రీ చేసినట్టుంది. అది అన్న పాడాడని చెబితే తప్ప తెలియదు.

నల్లగొండలో ఫంక్షన్ హాల్లో ఐదో క్యాసెట్ విడుదల చేశారు. పెద్దమనిషి వేదిక మీద, పక్కన అన్న. అన్న పాడే స్థితిలో లేడు కాబట్టి పెట్టెలోంచి పాట వేసి, మేం నోళ్లు కదిపాం. "నీళ్లు తెస్తమంటిరి" అని పెట్టె పాడగానే హాల్లో జనం మొత్తం అలవాటుగా "ఏడవాయె?" అన్నారు. మరి జనానికి కొత్త వంత ఎవరూ నేర్పలేదు. నా అతుకుల ఇంటికొచ్చె ఆ అరుపుల్లో మునిగిపోయింది. నాలుగో లైనుకు పెద్దమనిషి మొఖంలో నవ్వు పోయింది, ఆరో లైనుకు కరెంటు పోయిందని చెప్పి పెట్టె ఆపేశారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత భోజనాలు పెట్టారు, భోజనాలు మాత్రం బాగున్నాయి. పంచిన పెన్ డ్రైవుల్లో పాటలు తుడిచేసి చాలామంది సినిమాలు వేసుకున్నారు.

ఇక్కడి నుంచి నా గొప్పరోజులు మొదలయ్యాయి. స్టూడియోలో జరిగింది మామ అందరికీ చెప్పాడు. ఇరవై రెండు సార్లు పాడమన్నా వంతాయన అబద్ధం అనలేదని ఊళ్లో చెప్పుకున్నారు. గడ్డం పిల్లవాడు మళ్లీ వచ్చాడు. ఐదో ఆల్బమ్ మా బృందం పతనమని, అయితే అందులో ఒక గొంతు మాత్రం లొంగలేదని, నా తప్పులు తప్పులు కావు ధిక్కారమని రాశాడు. ధిక్కారం అన్న మాట నాకు బాగా నచ్చింది. ఎవరడిగినా, "ఏం చెయ్యమంటరు, నాలుక ఒప్పుకోలే" అని చెప్పడం మొదలుపెట్టాను. దేవరకొండలో ఒక సంఘంవాళ్లు పిలిచి శాలువా కప్పారు. అన్నను పిలవలేదు. అమ్ముడుపోయాడన్నారు. నేను ఆ వేదిక మీద కూర్చుని అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. అంటే మళ్లీ వంత పాడానన్నమాట.

అదే వారంలో అన్నకు కోత పెట్టారు.

నేను ధిక్కారానికి సాక్ష్యం ఉంటే బాగుంటుందని స్టూడియో పిల్లవాడికి ఫోన్ చేశాను. ఆ తప్పు ముక్కలు ఉన్నాయా, పారేశావా అన్నాను. ఉన్నాయి అంకుల్ అని ఇరవై రెండూ నా ఫోన్‌కు పంపాడు. వాటిని గడ్డం పిల్లవాడికి వినిపించాలన్నది నా ఆలోచన. ఈలోగా అన్న దవాఖాన నుంచి ఇంటికొచ్చాడని తెలిసి చూడటానికి పోయాను. మెడకు గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. నెల రోజులు నోరు విప్పొద్దన్నారు. నన్ను చూసి చెయ్యెత్తి కూర్చోమన్నాడు.

వదిన చాయ్ తెచ్చింది. "ఏం మరిదీ, గా క్యాసెట్ల ఉన్నది మీ అన్న గొంతేనా? నాకైతే ఎవలో సినిమాలోళ్లు పాడినట్టుంది" అంది. "ముప్పై ఏండ్ల సంది యింటున్న, నేను గుర్తువట్టకపోతనా?"

అసలు గొంతు నా దగ్గర ఉంది వదినా అన్నాను. అన్న గబుక్కున తలెత్తాడు. నేను ఫోన్ తీసి మొదటి ముక్క వినిపించాను.

"నీళ్లు తెస్తమంటిరి."

వదిన చేతిలో కప్పు కింద పెట్టింది. అదే గొంతు. ఆ చిన్న ఫోన్‌లో కూడా ఇల్లు నిండింది. అన్న కళ్లు మూసుకున్నాడు. ఆ వెంటనే నా ఏడవాయె, నవ్వులు, అక్కడ తెగిపోయింది. రెండోది వేశాను. అన్న గొంతు, నా అరుపు, తెగిపోయింది. మూడోది, నాలుగోది, ఐదోది. ఏదీ రెండు లైన్లు దాటలేదు. పాట ఎక్కడా లేదు. అన్న ఎత్తుకుంటున్నాడు, నేను తెంపుతున్నాను. ఎనిమిదో ముక్క దగ్గర వదిన ఇక ఆగలేకపోయింది.

"ఆయిన గంత మంచిగ పాడుతుంటె నడుమ నడుమ నువ్వెందుకు అడ్డం వడుతున్నవ్?"

"తప్పు పాడిన వదినా."

"గన్ని సార్లనా? ఇరవై ఏండ్ల సంది పాడేటోనివి, గా ఒక్క మాట నోరు తిరుగలేదా?"

నాలుక ఒప్పుకోలేదన్న మాట నోటిదాకా వచ్చింది. ఊరంతా చెప్పిన మాటే. కానీ అన్న కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ఆయనకు ఆ రోజే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. నాలుగోసారికే తెలిసి ఉంటుంది. తెలిసి కూడా పదిహేను సార్లు, ఇరవై సార్లు, ఈసారైనా నేను దారి ఇస్తానేమోనని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"మూడుసార్లు అలవాటుల తప్పిన వదినా" అన్నాను. "కడమయన్ని కావాలనే తప్పిన."

వదినకు అర్థం కాలేదు. ఎందుకని అడిగింది. "నీదేముంది" అన్నందుకని ఎట్లా చెప్పను? నీళ్ల గురించో, కొలువుల గురించో అయితే చెప్పేవాణ్ని.

అన్న చెయ్యి చాపి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో తొమ్మిదో ముక్క నొక్కి, చెవికి ఆనించుకున్నాడు. అదీ నా దగ్గరే తెగింది. ఆయన పదోది నొక్కాడు.